బలం తక్కువ విల్లుకి ఏ బాణం, ఏ ములికి?

(విజయనగరంలో విలువిద్య నేర్చుకుంటున్న పిల్లలు, వాళ్ళ తల్లిదండ్రుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు వరసలో పిల్లలు విల్లులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు, వెనక అమ్మానాన్నలు ఫోన్లు పట్టుకుని కూర్చున్నారు. ఇద్దరికీ పనికొచ్చేలా మాట్లాడడానికి చూస్తాను.

ముందు ఒక సంగతి తేల్చేద్దాం. మన దగ్గర వేట లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక అడవి జంతువు మీద బాణం వెయ్యడం నేరం. పంది మొక్కజొన్న చేను తొక్కేసిందని అనుమతి లేకుండా విల్లెత్తినా కేసే. సీతంపేట కొండల్లో సవర తాతలు చెప్పే వేట కబుర్లు కబుర్లుగానే వినాలి.

మరి వేట బాణం గురించి ఈ ప్రసంగం ఏటని అడుగుతారు. మా అక్క కూతురు వల్ల. తనకి కొలరాడోలో ఉద్యోగం. అక్కడ లైసెన్సు తీసుకుంటే సీజన్లో విల్లుతో జింకని వేటాడనిస్తారు. పోయినేడు ఫోన్ చేసి, "మావయ్యా, నాది 40 పౌండ్ల రికర్వ్ విల్లు. ఏ ములికి కొనమంటావు?" అంది. ములికి అంటే బాణం కొసన బిగించే మొన, రికర్వ్ అంటే రెక్కల కొసలు ముందుకి వంగి ఉండే విల్లు. ఆ తర్వాత మూడు నెలలు మేమిద్దరం వేసుకున్న లెక్కలే ఇవాళ మీ ముందు పెడుతున్నాను. టార్గెట్ కొట్టే పిల్లలకీ ఇందులో సగానికి పైగా పనికొస్తుంది.

నేను ములికి గురించి చెప్పలేదు. "ముందు నీ విల్లుని తూచు" అన్నాను. విల్లు రెక్క మీద అచ్చేసిన 40 పౌండ్లు, నారిని 28 అంగుళాలు లాగడానికి పట్టే బలం లెక్క. మా పిల్ల పొట్టిది, లాగేది 26 అంగుళాలే. రికర్వ్‌లో ఒక్క అంగుళం తగ్గితే రెండు, రెండున్నర పౌండ్లు పోతాయి. చేపల బజారులో వేలాడదీసే స్ప్రింగ్ కాటా లాంటిది తెప్పించి, నారికి తగిలించి, తను లాగేంత వరకే లాగించాను. 16 కిలోల మీద కాస్త చూపించింది. అంటే 35 పౌండ్లు దాటి ఓ అరపౌండు. కొలరాడోలో వేటకి కనీసం 35 ఉండాలి. 40 అనుకుని మురిసిపోయిన పిల్ల గీత మీద నిలబడింది! పిల్లల్లారా, మీ విల్లు మీది అంకె కూడా ఇంతే. అది విల్లుది, మీది కాదు.

ఇక బాణం. తన దగ్గరున్నవి 280 గ్రెయిన్ల తేలిక కార్బన్ బాణాలు. గ్రాముకి దాదాపు పదిహేనున్నర గ్రెయిన్లు కాబట్టి 18 గ్రాములు అనుకోండి. తేలిక బాణం వేగంగా పోతుంది, చూడ్డానికి బాగుంటుంది. అలాంటి విల్లు నుంచి సెకనుకి సుమారు 50 మీటర్లు పోతుందనుకుందాం. అదే విల్లుకి 26 గ్రాముల బాణం ఎక్కిస్తే వేగం 44కి పడిపోతుందనుకుందాం. పడిపోయింది కదా, నష్టం కదా? బళ్ళో చదివిన ద్రవ్యవేగం గుర్తు తెచ్చుకోండి. 18ని 50తో హెచ్చవేస్తే 900. 26ని 44తో వేస్తే 1144. బరువు బాణంలో పావు వంతు పైగా ఎక్కువ ఊపు ఉంది. విల్లు అదే, చెయ్యి అదే. తేలిక బాణం వేసినప్పుడు విల్లు బలంలో కొంత బాణానికి ఎక్కదు, రెక్కల్లోనే, నారిలోనే అదురుగా మిగిలిపోతుంది. ఆ టప్‌మనే శబ్దం మీరంతా విన్నదే. బరువు బాణానికి విల్లు మెత్తగా మాట్లాడుతుంది. జింక చెవులకి అది కూడా లాభమే.

అలాగని బరువు పెంచుకుంటూ పోకూడదు. ఎడ్ ఆష్బీ అనే ఆయన 1980ల్లో దక్షిణాఫ్రికాలోని నాటాల్‌లో వేట బాణాల మీద పెద్ద ఎత్తున పరీక్షలు చేశాడు. గట్టి ఎముక దాటాలంటే బాణం 650 గ్రెయిన్లు ఉండాలన్న మాట ఆయన దగ్గర్నుంచే వచ్చింది. ఇప్పుడు ప్రతివాడూ 650, 650 అంటాడు. 35 పౌండ్ల విల్లుకి 650 కడితే అది బాణం కాదు, గోడ మీంచి విసిరిన కొబ్బరి మట్ట. నా లెక్కలో పౌండుకి 10, 11 గ్రెయిన్ల దగ్గర ఆగాలి. మా పిల్లకి 400 దగ్గర ఆపాం. దూరం 20 గజాల లోపే. ఈ రెండో షరతుకి తను రెండు వారాలు అలిగింది.

బాణం వంగుడు గురించి తొందరగా చెప్పేస్తాను, మీ కోచ్‌లు రోజూ చెప్పేదే. 28 అంగుళాల ఎడంలో రెండు ఆధారాల మీద కాడని పెట్టి, మధ్యలో 880 గ్రాముల బరువు వేలాడదీస్తారు. అర అంగుళం వంగితే దాని వంగుడు అంకె, అంటే స్పైన్, 500. అంకె పెరిగితే కాడ మెత్తన. బలం తక్కువ విల్లుకి మెత్తటి కాడే కావాలి. కానీ ముందు బరువైన ములికి పెడితే అదే కాడ ఇంకా మెత్తగా ప్రవర్తిస్తుంది. కాబట్టి ములికి బరువు ఖాయం చేసుకున్నాకే కాడ కొనండి. మేం 600 కాడకి 150 గ్రెయిన్ల ములికి పెట్టాం.

ఇప్పుడు ములికి. ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ముడిచిన రెక్కల ములికి అని ఉంటుంది. ఎగిరేటప్పుడు సన్నగా ఉండి, తగలగానే రెక్కలు విచ్చుకుంటుంది. అమ్మినవాడు ఎంత తక్కువ విల్లుకైనా పనిచేస్తుందన్నాడు, నేను నమ్మాను. చీపురుపల్లి దగ్గర మా పెరట్లో అరటి బోదె నిలబెట్టి, గోనె సంచి రెండు మడతలు చుట్టి, 15 గజాల నుంచి వేశాను. మా అమ్మ అరుగు మీంచి "గెల కోసిన బోదేనా?" అని ఒకటే అరుపు. దగ్గరికి వెళ్ళి చూస్తే ఒక రెక్క విచ్చుకుంది, రెండోది గోనె దారాల్లో చిక్కుకుని సగంలో ఆగింది, బాణం పక్కకి ఒరిగి నాలుగు అంగుళాలు దిగింది. అదే విల్లుతో రెండు అంచుల మామూలు ములికి వేస్తే బోదె అవతల మొన కనిపించింది. రెక్కలు విచ్చుకోడానికి కూడా బలమే ఖర్చవుతుంది. 60 పౌండ్ల కాంపౌండ్ (కొసల్లో కప్పీలుండే విల్లు) వాడికి అది చిల్లర. 35 పౌండ్ల వాళ్ళకి అది ఇంటి అద్దె.

బాణం తూటాలా అదురుతో చంపదు, కోసి చంపుతుంది. కాబట్టి ఎంత లోతుకి, ఎంత నున్నగా కోసిందన్నదే ముఖ్యం. ములికి పొడవు వెడల్పుకి మూడింతలు ఉంటే మంచిది. లారీలోకి డ్రమ్ము ఎక్కించేటప్పుడు పొట్టి చెక్క వేస్తారా, పొడుగు చెక్క వేస్తారా? అదే సూత్రం. అంగుళం వెడల్పు, మూడంగుళాల పొడవు, రెండే అంచులు. కొలరాడో కనీస వెడల్పు అంగుళంలో ఎనిమిదింట ఏడు వంతులు కాబట్టి సరిపోయింది. మూడు, నాలుగు అంచుల ములికి గాయం పెద్దది చేస్తుంది, నిజమే. కానీ రాపిడీ పెరుగుతుంది.

వడ్రంగి ఉలి చూశారా? ఒకవైపే పదును. దెబ్బ వేస్తే నిటారుగా పోదు, ఒక పక్కకి లాగుతుంది. ములికికి రెండు అంచులూ అలా ఎదురుబొదురుగా ఒకవైపే సానబెడితే అది లోపలికి మెలి తిరుగుతూ దిగుతుంది. ఈకలు బాణాన్ని ఏవైపు తిప్పుతాయో ములికి కూడా అటే తిరగాలి. ఈకలు కుడికి, అంచు ఎడమకి అయితే రెండూ కొట్టుకుంటాయి. కొనేటప్పుడు చాలామంది ఇది చూడరు.

పదును సంగతి. కత్తిపీట మొద్దుబారితే వంకాయ కూడా నలుగుతుంది తప్ప తెగదు. ఇదిగో, రబ్బరు బ్యాండు బిగించి లాగి పట్టుకున్నాను. ఈ అంచు మీద ఆనించాను, నొక్కలేదు. తెగింది. ఇప్పుడు డబ్బాలోంచి తీసిన కొత్తది. చూడండి, జారుతోంది, తెగడం లేదు. కొత్తదనగానే పదునుందని అనుకోవద్దు.

ఇంకొకటి, ప్రాక్టీసు ములికికి సరిగ్గా పోయే బాణం వేట ములికికి పోదు. ముందు భాగంలో వెడల్పు రేకు ఉంటే గాలి దాన్ని పట్టుకుంటుంది. ములికి వంకరగా బిగిసినా అంతే. మొనని గట్టు మీద ఆనించి కాడని వేళ్ళతో తిప్పితే అదురు తెలిసిపోతుంది. దయచేసి వాటిని మన శిక్షణ టార్గెట్ల మీద మాత్రం వెయ్యకండి, ఒక్క సాయంత్రంలో తుక్కు చేసేస్తాయి.

మా పిల్ల మొన్న సీజన్లో ఆరు రోజులు అడవిలో కూర్చుంది. ఐదో రోజు ఒక జింక 35 గజాల్లో నిలబడిందట. బాణం వెయ్యలేదు. "నీ 20 గజాల వల్లే మావయ్యా" అని తిట్టింది. ఈ ఏడు మళ్ళీ వెళ్తానంటోంది.

ఇక నా పని ఇంతే. కిటికీ దగ్గర కాటా వేలాడదీశాం. ఒక్కొక్కరే విల్లు తెచ్చి తూచుకోండి, మీరు లాగేంత వరకే లాగండి. ఈ బల్ల మీది ములికులని మాత్రం ఎవరూ ముట్టుకోకండి. మొదట ఎవరు? నువ్వొస్తావా అమ్మా, ఆ నీలం విల్లు పిల్లా?