రన్‌వే మీద రాసిన అంకె

శ్రోతలకు నమస్కారం.

రన్‌వే మొదట్లో తెల్లరంగుతో రెండంకెలు రాసి ఉంటాయి. అది దిక్సూచి లెక్క. రన్‌వే ఎన్ని డిగ్రీల దిక్కుకు చూస్తోందో దాన్ని దగ్గరి పదికి సవరించి, చివరి సున్నా తీసేస్తారు. మన శంషాబాద్‌లో తూర్పుకు పరుగెత్తితే 09, పడమరకైతే 27.

ఈ అంకెను సరిచూసుకోకుండా పరుగు మొదలుపెట్టిన విమానం కామెయిర్ 5191. అమెరికాలో, కెంటకీ రాష్ట్రం లెక్సింగ్టన్‌లో, 2006 ఆగస్టు 27న. ఉదయం ఆరు దాటింది, ఇంకా చీకటే. కంట్రోల్ టవర్ ఇచ్చింది 22 అంకె ఉన్న రన్‌వే, పొడవు 7,003 అడుగులు. అక్కడికి వెళ్లే దారిలో ముందు 26 అంకె ఉన్న రన్‌వే అడ్డొస్తుంది. దాని పొడవు 3,500 అడుగులే. ఆ జెట్‌కి అది చాలదు. దాన్ని దాటి వెళ్లాలి. దాటలేదు, అక్కడే తిరిగారు.

పైలట్ల ఎదుట దిక్కు చూపే తెర మీద చిన్న గుర్తు ఉంటుంది, హెడింగ్ బగ్ అంటారు. వెళ్లాల్సిన దిక్కుకు దాన్ని ముందే తిప్పి పెడతారు. ఆ ఉదయం బగ్ 227 మీద ఉంది. అది సరైనదే. విమానం ముక్కు మాత్రం 266 మీద ఉంది. దాదాపు 40 డిగ్రీల తేడా, కళ్లెదుటే! పరుగు మధ్యలో కో-పైలట్ అన్నాడు, లైట్లు లేవు, వింతగా ఉందని. కెప్టెన్ అవునన్నాడు. పరుగు ఆగలేదు. రన్‌వే అయిపోయింది, విమానం చెట్లను తాకి కూలి తగలబడింది. 50 మందిలో కో-పైలట్ ఒక్కడే బతికాడు.

తప్పు పైలట్లదే అని అక్కడితో వదిలేయడం నాకు సబబనిపించదు. పనుల వల్ల అక్కడి ట్యాక్సీవేలు, అంటే రన్‌వేకి వెళ్లే దారులు, వారం కిందటే మారాయి, పైలట్ల చేతిలోని మ్యాపులో ఆ మార్పు లేదు. టవర్‌లో కంట్రోలర్ ఒక్కరే, అనుమతి ఇచ్చాక వేరే పనికి అటు తిరిగారు. అయినా, ఇవన్నీ ఎలా ఉన్నా, ఆ 40 డిగ్రీలు చూస్తే చాలు, ఆగిపోయేవాళ్లు.

అందుకే థ్రాటిల్, అంటే ఇంజన్ల జోరు పెంచే మీట, తోసే ముందు చూడాల్సినవి ఇవీ: రన్‌వే మొగలో ఎర్రబోర్డు మీది అంకె, నేల మీది అంకె, దిక్సూచి. ఒకరు పైకి చదవాలి, రెండోవారు తన తెర చూసి ఒప్పుకోవాలి. అంకెలు కలవకపోతే కదలకూడదు, టవర్‌ని అడగాలి. అమెరికాలో ఇప్పుడు దారిలోని రన్‌వేలన్నీ దాటేదాకా కంట్రోలర్లు టేకాఫ్ అనుమతి ఇవ్వకూడదు.