కదలని మొహం, నవ్వే సభ

అందరికీ నమస్కారం. నెల్లూరులో హాస్యం మీద మాట్లాడమంటే రమణారెడ్డి గారిని తలుచుకోకుండా మొదలుపెట్టలేను. జగదేవిపేటలో పుట్టి, శానిటరీ ఇన్‌స్పెక్టరుగా పనిచేసి, సినిమాల్లోకి వెళ్లిన మనిషి. ఆ బక్కపల్చని ఒళ్లు మెలికలు తిరుగుతుంటేనే జనం నవ్వేవాళ్లు. ఈరోజు నేను చెప్పబోయే స్టీవెన్ రైట్ అనే అమెరికన్ స్టాండప్ కమెడియన్, అంటే వేదిక మీద ఒక్కడే నిలబడి జోకులు చెప్పే మనిషి, అందుకు పూర్తిగా వేరు. ఒళ్లు కదలదు, గొంతు లేవదు, మొహంలో నవ్వు జాడే ఉండదు.

1955 డిసెంబరు 6న మసాచుసెట్స్ రాష్ట్రం కేంబ్రిడ్జిలో పుట్టాడు, బర్లింగ్టన్‌లో పెరిగాడు. కుర్రతనంలో టీవీలో రాత్రిపూట టాక్ షో నడిపే జానీ కార్సన్‌ను చూశాడు, కమెడియన్ జార్జ్ కార్లిన్ రికార్డులు విన్నాడు. 1978లో ఎమర్సన్ కాలేజీలో డిగ్రీ అయింది. మరుసటి ఏడాదే బోస్టన్‌లో ఒక కామెడీ క్లబ్బు వేదికెక్కాడు.

కేంబ్రిడ్జిలో డింగ్ హో అని ఒక చైనీస్ హోటలు ఉండేది. తినేవాళ్లు తింటుంటే ఒక పక్కన కామెడీ నడిచేది. కార్సన్ కార్యక్రమం నిర్మాత పీటర్ లసాలీ అక్కడే రైట్‌ను చూశాడు. 1982 ఆగస్టు 6న రైట్ కార్సన్ ముందు నిలబడ్డాడు. వారం తిరక్కముందే మళ్లీ పిలుపొచ్చింది. అప్పట్లో ఆ కార్యక్రమంలో ఒకసారి కనబడితేనే కమెడియన్ బతుకు మారిపోయేది.

ఆయన పద్ధతి చూపడానికి నేనే ఒకటి అల్లాను, వినండి. "నిన్న అద్దంకి బస్సులో నాకు కిటికీ పక్కన సీటు దొరికింది. కిటికీ మాత్రం ముందు బస్సులో వెళ్లిపోయింది." మొదటి వాక్యం మనందరికీ తెలిసిన సంగతే. రెండోది అంతే మామూలుగా, అదే గొంతుతో రావాలి. 'కిటికీ మాత్రం' దగ్గర చెప్పేవాడి పెదవి ఒక్క పిసరు వంకరైనా, ఏదో రాబోతోందని మీకు ముందే తెలిసిపోతుంది. ఇక మీరు కనిపెట్టడానికి ఏం మిగులుతుంది? ఆ కనిపెట్టే ఆనందాన్ని రైట్ మన నుంచి లాక్కోడు. అందుకే ఆయనంటే నాకు అంత గౌరవం.

ఇందులో ఎంత చాకిరీ ఉందో చూడండి. కథ చెప్పేవాడికి కథే ఆసరా. ఒకచోట జనం నవ్వకపోయినా తర్వాతేమైందో వినాలని కూర్చుంటారు. రైట్‌కు ఆ ఆసరా లేదు. రెండు మూడు వాక్యాల్లో ఒక జోకు అయిపోతుంది, దానికీ తర్వాతి దానికీ పొత్తు ఉండదు. ప్రతిసారీ మొదటి నుంచి మొదలే. గంట నిలబడాలంటే ఎన్ని కావాలో మీరే లెక్కేయండి! పైగా ఆనాటి వార్తల మీద, నాయకుల మీద ఆయన ఆధారపడడు. అందుకే 1985లో వచ్చిన ఆయన జోకుల ఆల్బమ్‌ను ఇప్పుడు విన్నా వివరణ అక్కర్లేదు. రెండో ఆల్బమ్ 2007లో గానీ రాలేదు. ఇరవై రెండేళ్ల ఎడం! ఈ మధ్యలో, 1989లో, తను రాసి నటించిన లఘుచిత్రానికి ఆస్కార్ అందుకున్నాడు. 2023లో నవల కూడా రాశాడు.

మన ప్రకాశం జిల్లా నుంచి వచ్చిన ధర్మవరపు సుబ్రహ్మణ్యం గారిలోనూ ఈ గుణం ఉంది. ఎంత వింత మాటనైనా పాఠం చెబుతున్నంత గంభీరంగా అనేవారు. అయితే సినిమాలో పక్కన బిత్తరపోయే ఇంకో నటుడు ఉంటాడు, వెనక సంగీతం ఉంటుంది. రైట్‌కు ఉన్నది ఒక మైకు, ఎదురుగా జనం, అంతే. ఒంగోల్లో, నెల్లూరులో ఇప్పుడిప్పుడే మైకు పట్టుకుంటున్న పిల్లలు చాలామంది గట్టిగా అరిచి నవ్వు రాబట్టాలని చూస్తున్నారు. అమ్మా, అబ్బాయిలూ, మాట రాసుకోవడం మీద ఇంకాస్త సమయం పెట్టండి. మన యాసలో మాట దానంతటదే నవ్విస్తుంది.

ఇప్పుడు రైట్ ప్రదర్శన ఒకటి తెర మీద వేస్తున్నాం. ఇంగ్లీషు అందకపోతే మొహమాటపడకండి, ఆపి చెబుతాను. సభ నవ్వుతున్నప్పుడు ఆయన ఏం చేస్తున్నాడో గమనించండి. ప్రశ్నలు ఆ తర్వాత తీసుకుందాం.