స్పెక్ట్రమ్ చర్చల్లో పేరు చెప్పని పక్షం

సభకు నమస్కారం.

రేడియో తరంగాలు సరిహద్దుల దగ్గర ఆగవు కాబట్టి, ఏ ఫ్రీక్వెన్సీని ఏ పనికి వాడాలన్నది దేశాలన్నీ కూర్చుని తేల్చుకోక తప్పదు. 1906లో బెర్లిన్ ఒడంబడికతో మొదలైన ఆ పనిని ఇప్పుడు అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ చూస్తోంది. మూడు నాలుగేళ్లకోసారి జరిగే ప్రపంచ రేడియో సదస్సులో రేడియో నిబంధనలను సవరిస్తారు. వాటికి అంతర్జాతీయ ఒప్పందం హోదా ఉంది. ఆ నిబంధనల్లోని కేటాయింపుల పట్టికలో ప్రసార సేవ, మొబైల్ సేవ, ఉపగ్రహ సేవ, రాడార్లకు సంబంధించిన రేడియోలొకేషన్ సేవ అన్నీ కనిపిస్తాయి. సైనిక సేవ అంటూ విడిగా ఏదీ లేదు. అంతమాత్రాన సైన్యాలు ఈ చర్చలకు దూరంగా ఉన్నాయనుకుంటే పొరపాటు.

యూనియన్ రాజ్యాంగంలోని 48వ అధికరణం సభ్యదేశాలకు తమ సైనిక రేడియో కేంద్రాల విషయంలో పూర్తి స్వేచ్ఛ ఇస్తుంది. అయితే వీలైనంతవరకు ఇతరులకు హానికరమైన అంతరాయం కలగకుండా చూడాలని, ఆపదలో ఉన్నవారికి సాయపడే నియమాలను పాటించాలని కూడా అదే అధికరణం చెబుతుంది. మరి ఇంత స్వేచ్ఛ ఉన్నవారు నాలుగు వారాలపాటు సదస్సులో కూర్చుని ప్రతి కామా కోసం ఎందుకు వాదిస్తారు? ఆ స్వేచ్ఛతో ఒక దేశం తన రాడార్‌ను నడుపుకోగలదు గానీ, పొరుగు దేశం అదే బ్యాండులో, అంటే అదే ఫ్రీక్వెన్సీల శ్రేణిలో, మొబైల్ టవర్లు నిలబెడితే వాటిని తగ్గించుకోమని అడిగే హక్కు దానివల్ల రాదు. ఆ హక్కు కేటాయింపుల పట్టిక నుంచే రావాలి. అందుకే అనేక దేశాల ప్రతినిధి బృందాల్లో రక్షణ శాఖల ఇంజినీర్లు ఉంటారు, తమ అవసరాలను పౌర సేవల పేర్ల కిందే వినిపిస్తారు.

ఇందుకు 4,800 నుంచి 4,990 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న బ్యాండును మించిన ఉదాహరణ నాకు కనబడదు. చైనా, రష్యా వంటి దేశాలు దాన్ని 5జీకి వాడుకోవాలనుకున్నాయి. నాటో దేశాలకు 4.4 నుంచి 5 గిగాహెర్ట్జ్ దాకా ఉన్నది ఉమ్మడి సైనిక బ్యాండు. 2015 సదస్సు కేటాయింపుల పట్టికకు చేర్చిన ఒక ఫుట్‌నోట్‌తో మధ్యేమార్గం వెతికింది: మొబైల్ కేంద్రాలనుంచి వచ్చే తరంగాల బలం తీరానికి 20 కిలోమీటర్ల దూరంలో, సముద్రమట్టానికి 19 కిలోమీటర్ల ఎత్తు వరకు, ఒక పరిమితి దాటకూడదు. ఈ రెండు అంకెల దగ్గర ఒక్క క్షణం ఆగండి. తీరదేశానికి చెందిన ప్రాదేశిక సముద్రం 12 నాటికల్ మైళ్లు, అంటే దాదాపు 22 కిలోమీటర్లు; 20 కిలోమీటర్ల గీత దాని అంచు దగ్గరే పడుతుంది. ప్రయాణికుల విమానాలు మామూలుగా 12, 13 కిలోమీటర్లకు మించి ఎగరవు; 19 కిలోమీటర్ల ఎత్తు నిఘా విమానాలకు చెందినది. ఆ ఫుట్‌నోట్‌లో సైన్యం అన్న మాట ఎక్కడా లేకపోయినా, మరో దేశపు తీరం పక్కనే ఎగిరే విమానం కోసమే ఆ వాక్యం రాశారని చదివినవారికి ఇట్టే తెలుస్తుంది. 2019లో షర్మ్ ఎల్ షేక్‌లో ఆ పరిమితి చైనా, రష్యాలతో సహా కొన్ని దేశాలకు వర్తించదని తేల్చారు. అంతర్జాతీయ జలాల మీద, గగనతలంలో ఉన్న కేంద్రాల రక్షణ అన్న పేరుతో ఆ వివాదమే 2023లో దుబాయి సదస్సు అజెండాలో మొదటి అంశమైంది. ఈ బ్యాండుతో నేరుగా సంబంధం లేని చిన్న దేశాలు ఇలాంటి అంశాల మీద దేనికి మద్దతిస్తున్నామో తెలియకుండానే మద్దతివ్వవలసి రావడం నాకు అన్యాయంగా తోస్తుంది.

పేరు చెప్పకపోయినా పని సవ్యంగా జరిగిన సందర్భం కూడా ఉంది. 5 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో వై-ఫైని అనుమతించే ప్రతిపాదన 2003 సదస్సుకు వచ్చినప్పుడు, అక్కడ అప్పటికే పనిచేస్తున్న సైనిక, వాతావరణ రాడార్ల సంగతేమిటన్న ప్రశ్న తలెత్తింది. రాడార్లున్న చానెళ్లలో రూటర్ ముందుగా 60 సెకన్లు వినాలి, పని మధ్యలో రాడార్ సంకేతం పట్టుబడితే 10 సెకన్లలో చానెల్ వదలాలి, 30 నిమిషాలు తిరిగి రాకూడదు అన్న షరతు మీద ఒప్పందం కుదిరింది. రాడార్ల సాంకేతిక లక్షణాలను కాగితం మీద పెట్టడానికి సైన్యాలు ఒప్పుకోవడం వల్లే ఇది సాధ్యమైంది. యూనియన్ పత్రంలో అవి రాడార్ ఎ, రాడార్ బి అంటూ అక్షరాలతోనే ఉన్నాయి. ఎవరివో, ఎక్కడున్నాయో ఉండదు. అంకెలు చేతికొచ్చాక ఇంజినీర్లు లెక్క వేయగలిగారు. రహస్యం కాపాడుకుంటూనే చెప్పగలిగినంత చెప్పవచ్చనడానికి ఈ పత్రమే రుజువు.

48వ అధికరణాన్ని అడ్డం పెట్టుకునే అలవాటు మాత్రం నన్ను కలవరపెడుతుంది. ఉపగ్రహ ఫ్రీక్వెన్సీ నిజంగా వాడుకలో ఉందా అని యూనియన్ అడిగినప్పుడు, అది సైనిక వ్యవహారమంటూ వివరాలు నిరాకరించే వీలు ఏర్పడింది. 2022లో బుకారెస్ట్‌లో జరిగిన యూనియన్ మహాసభ ఈ విషయమై ప్రత్యేక తీర్మానం చేయవలసి వచ్చింది. జీపీఎస్ వంటి ఉపగ్రహ నావిగేషన్ సంకేతాలకు కలిగించే అంతరాయం మరీ ప్రమాదకరం: 2025 మార్చిలో టెలికమ్యూనికేషన్, పౌర విమానయాన, నౌకాయాన అంతర్జాతీయ సంస్థలు మూడూ కలిసి ఆందోళన ప్రకటించాయి. అంతకుముందు దుబాయిలో ఆమోదించిన తీర్మానం దేశాలను అంతరాయం నివారించమంటూనే, రక్షణ అవసరాల కోసం ఆ సంకేతాలను ఇతరులకు నిరాకరించే హక్కును దేశాలకు అలాగే ఉంచింది. అక్కడే లొసుగు ఉంది. పైలట్ తెరమీద స్థానం తప్పుగా చూపిస్తున్నప్పుడు, దాన్ని చెడగొట్టినవారు సైనికులా కాదా అన్నది ఆ విమానంలో ఉన్నవారికి అనవసరం.

2027లో షాంఘై సదస్సు ముందుకు రాబోతున్న మొబైల్ బ్యాండ్లలో 4.4 నుంచి 4.8, 7.125 నుంచి 8.4 గిగాహెర్ట్జ్ ఉన్నాయి. మొదటిది నాటో ఉమ్మడి బ్యాండులో భాగం. రెండోదానిలో ఎక్కువ భాగం అనేక దేశాల సైనిక ఉపగ్రహాలు వాడేదే. యూనియన్ అధ్యయన బృందాల్లో వీటి మీద లెక్కలు ఇప్పుడే నడుస్తున్నాయి. ప్రతి దేశంలోనూ టెలికాం, రక్షణ శాఖలు తమ వైఖరిని సదస్సుకు బయలుదేరే ముందే పౌర వినియోగదారుల ఎదుట పెట్టాలని, ఉపగ్రహాల, రాడార్ల లక్షణాలను పేర్లు తీసేసి అయినా అధ్యయన బృందాలకు ఇప్పుడే అందించాలని నా అభ్యర్థన. సదస్సు చివరి రాత్రి బేరసారాల్లో బయటపడే అంకెను పరీక్షించి చూసే వ్యవధి ఎవరికీ ఉండదు.