ఒక్క ఎత్తులో ఆట కట్టు

[తెర మీద: ఖాళీ వేదిక, మధ్యలో చదరంగం బల్ల]

2006 నవంబర్ 27. జర్మనీలోని బాన్ నగరం. ప్రపంచ చాంపియన్ వ్లాదిమిర్ క్రామ్నిక్ ఎదురుగా ఒక మనిషి కూర్చున్నాడు. కానీ ఆట అతనితో కాదు. స్క్రీన్ మీద వచ్చిన ఎత్తును బల్ల మీద వేయడం వరకే అతని పని. అసలు ప్రత్యర్థి డీప్ ఫ్రిట్జ్ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్.

34వ ఎత్తులో క్రామ్నిక్ తన నల్ల మంత్రిని జరిపి, నింపాదిగా లేచి, కప్పు చేతిలోకి తీసుకున్నాడు. ఆపరేటర్ మాత్రం బల్ల వంకా స్క్రీన్ వంకా మార్చి మార్చి చూస్తున్నాడు. ఎత్తు తప్పుగా కొట్టానా అని అతని అనుమానం. ఎందుకంటే ఫ్రిట్జ్ ఒక్క ఎత్తులో ఆట కట్టు అని చూపిస్తోంది!

[గ్రాఫిక్: తెల్ల మంత్రి దారి ఎర్ర గీతతో]

ఇక్కడ చూడండి. నల్ల రాజు మూలగడిలో ఉన్నాడు. తెల్ల మంత్రి ఐమూలగా హెచ్7 గడికి వచ్చేసింది. రాజు దాన్ని కొట్టలేడు, ఎఫ్8లో ఉన్న తెల్ల గుర్రం కాపు కాస్తోంది. పారిపోవడానికి గడి లేదు. అయిపోయింది. క్రామ్నిక్ చెయ్యి నుదుటి మీదికి వెళ్లింది.

చెస్ క్లాసులో చేరిన కొత్తలోనే పిల్లలకు ఇచ్చే లెక్క ఇది. మరి ప్రపంచ చాంపియన్‌కు ఎందుకు కనిపించలేదు? గుర్రం ఆ గడిలో నిలబడి మంత్రికి కాపు కాయడం ఆటల్లో అరుదు. మనం అన్ని ఎత్తులూ చూడం. అలవాటైన అమరికలను గుర్తుపట్టి, మిగతావి పక్కన పెట్టేస్తాం. మనిషి బలం అదే, ఆ రోజు దెబ్బ తగిలిందీ అక్కడే. ప్రోగ్రామ్‌కు అలవాటైనవి, కానివి అని తేడా లేదు. ఒక్క ఎత్తు దూరంలో ఉన్నదాన్ని అది వదలదు. ఆ మ్యాచ్‌ను ఫ్రిట్జ్ 4-2తో గెలిచింది.

[పాత ఫుటేజ్: న్యూయార్క్, 1997 మే]

దీనికి తొమ్మిదేళ్ల ముందు, అప్పటి ప్రపంచ చాంపియన్ గ్యారీ కాస్పరోవ్‌కు తగిలింది వేరే రకం దెబ్బ. ఐబీఎం వాళ్ల చెస్ కంప్యూటర్ డీప్ బ్లూ సెకనుకు దాదాపు 20 కోట్ల స్థితులను చూసేది. 1996లో ఫిలడెల్ఫియాలో దాన్ని కాస్పరోవ్ 4-2తో ఓడించాడు. మరుసటేడు తొలి ఆట కూడా ఆయనదే. రెండో ఆటలో డీప్ బ్లూ మనిషిలా ఓపిగ్గా ఆడింది. కాస్పరోవ్ చేతులెత్తేశాడు. తీరా చూస్తే ఆ స్థితిలో వరుసగా చెక్‌లు ఇస్తూ డ్రా చేసుకునే దారి ఉందని తర్వాత తేలింది.

నన్నడిగితే, ఆ మ్యాచ్ మొత్తంలో చూడాల్సింది ఇదే. యంత్రం ఇంత దూరం చూసి ఉంటుందిలే, ఇక నేను వెతికేదేముంది అనుకున్నట్టు ఆడాడు. డీప్ బ్లూకు కూడా ఆ డ్రా సరిగ్గా కనిపించలేదు! అంటే ఆ ఒక్క ఆటలో ఆయన్ని ఓడించింది డీప్ బ్లూ మీద ఆయనకున్న భయం కూడా. చివరి లెక్క 3.5-2.5, డీప్ బ్లూదే గెలుపు.

[తెర మీద: నేటి ఆన్‌లైన్ ప్రసారం, పక్కన తెలుపు నలుపు గీత]

ఇప్పుడు పోటీ అన్న మాటే లేదు. మన వరంగల్ కుర్రాడు అర్జున్ ఇరిగైసి 2024 డిసెంబర్ ప్రపంచ రేటింగ్ జాబితాలో 2801 పాయింట్లు అందుకున్నాడు. చరిత్రలో అతి కొద్దిమందే 2800 దాటారు. అలాంటి ఆటగాడు కూడా ఫోన్‌లో ఉచితంగా దొరికే స్టాక్‌ఫిష్ అనే చెస్ ప్రోగ్రామ్‌తో ఆడి గెలవాలనుకోడు. దాన్ని పక్కన పెట్టుకుని తయారవుతాడు.

తమాషా ఏంటంటే, సోఫాలో కూర్చున్న మనకు, ఎవరిది పైచేయో ప్రోగ్రామ్ లెక్కగట్టి చూపించే ఆ తెలుపు నలుపు గీత కిందికి జారగానే తప్పు తెలిసిపోతుంది. “అయ్యో, ఇది కూడా చూడలేదా” అని కామెంట్ పెట్టేస్తాం. నేనూ పెట్టాను. అక్కడ బల్ల ముందు కూర్చున్నవాళ్లకు ఆ గీత కనిపించదు. ఆట హాల్లోకి వెళ్లేముందు ఫోన్ బయట వదిలేసి, రెండు చేతులూ చాపి మెటల్ డిటెక్టర్ ముందు నిలబడి వస్తారు మరి.