పై ఫ్లాట్‌లో అర్ధరాత్రి చప్పుడు: కౌన్సిల్ ఎవరి మాట వినాలి?

నమస్తే అండీ. తూర్పు లండన్ నుంచి ఒకావిడ ఛానెల్‌కి రాశారు. ఒకప్పటి కౌన్సిల్ (అక్కడి స్థానిక ప్రభుత్వం, మన మున్సిపాలిటీ లాంటిది) ఫ్లాట్ కొనుక్కుని భర్త, పిల్లలతో ఉంటున్నారు. పై ఫ్లాట్‌లో ఒక పెద్దావిడ ఒక్కరే ఉంటారు. ఆవిడ కౌన్సిల్‌కి అద్దెదారు. అర్ధరాత్రి కుర్చీలు ఈడ్చిన చప్పుడు, తలుపులు బాదడం, ఎవరో ఇంట్లోకి చొరబడ్డారని కేకలు. నెలల తరబడి ఫిర్యాదు చేస్తున్నా ఫలితం లేదట. "ఇలాంటివాళ్లని ఖాళీ చేయించరా?" అని అడిగారు.

పిల్లలకి నిద్ర లేక, పొద్దున్నే ఆఫీసుకి పోవాల్సిన మనిషి పడే బాధ చిన్నది కాదు. ఆ కోపాన్ని నేను తప్పుపట్టను. కానీ ఖాళీ చేయించడం అనే మాట దగ్గర కాస్త ఆగుదాం.

ముందు ఈ ఇళ్ల సంగతి. మన హైదరాబాద్ దగ్గరి కొల్లూరులో 2023లో ఇచ్చిన డబుల్ బెడ్‌రూం ఇళ్లలాంటివి కావు ఇవి. అక్కడ ఇల్లు లబ్ధిదారు పేరు మీద ఇచ్చేస్తారు. ఇంగ్లండ్‌లో కౌన్సిల్ గానీ, హౌసింగ్ అసోసియేషన్ (లాభాపేక్ష లేకుండా ఇళ్లు అద్దెకిచ్చే సంస్థ) గానీ యజమానిగానే ఉండి తక్కువ అద్దెకి ఇస్తుంది. 1980లో వచ్చిన చట్టంతో చాలామంది అద్దెదారులు తమ ఇళ్లను కొనుక్కున్నారు. అందుకే ఇప్పుడు ఒకే బ్లాక్‌లో సొంతదారులు, అద్దెదారులు కలిసి ఉంటారు. వర్క్ వీసా మీద వచ్చిన మనవాళ్లకి వీసా షరతుల వల్ల కౌన్సిల్ ఇల్లు రాదు. కానీ ఇలా అమ్ముడైన ఫ్లాట్లు కొనుక్కునో, అద్దెకు తీసుకునో ఆ బ్లాకుల్లోనే చేరుతున్నారు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. కౌన్సిల్ ఇల్లు ఎవరికి ముందు ఇవ్వాలో 1996 హౌసింగ్ చట్టం చెబుతుంది. నిలువ నీడ లేనివాళ్లకి, జబ్బు వల్ల, వైకల్యం వల్ల ఇల్లు అవసరమైనవాళ్లకి ప్రాధాన్యం ఇవ్వమంటుంది. అంటే ఆరోగ్యం బాగాలేదని తెలిసే పై ఫ్లాట్ ఆవిడకి ఇల్లిచ్చి ఉండొచ్చు. అలాంటప్పుడు మొదటి ఫిర్యాదు వచ్చిన రోజునే ఆఫీసరు పాత దరఖాస్తు తీసి చూడాలి కదా. చాలాచోట్ల ఆ పని జరగదు. ఇల్లు కేటాయించే విభాగం దగ్గరున్న వివరం ఫిర్యాదులు చూసే విభాగానికి చేరదు.

దాని బదులు జరిగేది ఇది. ఫిర్యాదు చేసినవాళ్ల చేతికి డైరీ షీట్లు ఇస్తారు. ఏ రోజు, ఎన్ని గంటలకి, ఎంతసేపు చప్పుడు అయిందో రాసుకోమంటారు, లేదా ఫోన్‌లో యాప్ పెట్టుకుని రికార్డు చేయమంటారు. అవతలివాళ్లకి హెచ్చరిక ఉత్తరం పోతుంది. మతిమరుపుతోనో, భ్రమలతోనో ఉన్న మనిషికి ఆ ఉత్తరం వల్ల భయం పెరగడమే తప్ప గోల తగ్గదు. కింద ఉన్నవాళ్లేమో రాత్రి రెండింటికి లేచి షీట్లు నింపుతూనే ఉంటారు. ఆ కాగితాలు పోగవుతుంటే ఏదో జరుగుతోందని వాళ్లకి అనిపిస్తుంది. పైకి వెళ్లి తలుపు తట్టి "అమ్మా, మీకు ఒంట్లో ఎలా ఉంది?" అని అడిగినవాళ్లు మాత్రం ఎవరూ ఉండరు.

చాలా కేసుల్లో అసలు తప్పు మనిషిది కాదు, కట్టడానిది. 1999లో లండన్‌లోని సదర్క్ కౌన్సిల్ అద్దెదారుల కేసు, అప్పట్లో అత్యున్నత న్యాయస్థానంగా ఉన్న హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్లింది. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక కట్టిన ఫ్లాట్లు అవి. పక్కింటి టీవీ, పసిబిడ్డ ఏడుపు, వంటింటి చప్పుడు, అన్నీ ఇవతలికి వినిపించేవి. మేము పొరుగువాళ్లని తప్పుపట్టడం లేదు, గోడలు బాగుచేయండి అని వాళ్లు అడిగారు. వాళ్ల కష్టం నిజమేనని లార్డ్స్ ఒప్పుకున్నారు. కానీ ఇంట్లో మామూలుగా బతకడం న్యూసెన్స్ కాదనీ, పాత ఇళ్లకి సౌండ్ ఇన్సులేషన్ వేయించాల్సిన బాధ్యత కౌన్సిల్ మీద లేదనీ తీర్పిచ్చారు. దాని ఫలితం ఇప్పటికీ కనిపిస్తుంది. గోడ పల్చనైనా ఫైలు మాత్రం మనిషి పేరు మీదే తెరుచుకుంటుంది.

2022 అక్టోబరులో, ఇలాంటి ఇళ్ల యజమానుల మీద ఫిర్యాదులను స్వతంత్రంగా విచారించే ఇంగ్లండ్ హౌసింగ్ అంబుడ్స్‌మన్ శబ్దం ఫిర్యాదుల మీద ఒక పెద్ద నివేదిక ఇచ్చారు. ఇంట్లో నడిచిన చప్పుడునీ, పిల్లల ఆటనీ సంఘ వ్యతిరేక ప్రవర్తన అనే ఒకే గంపలో వేయొద్దని, వాటికి వేరే పద్ధతి పెట్టుకోమని చెప్పారు. నా దృష్టిలో అందులో పనికొచ్చేవి చిన్న చిన్న సూచనలే. ఇల్లు ఖాళీ అయినప్పుడు నేల మీది కార్పెట్ పీకేసి బోడి నేలతో కొత్తవాళ్లకి ఇచ్చే అలవాటు మానుకోవడం అలాంటిదే. ఒక కార్పెట్ ఖర్చుతో తీరిపోయే తగాదాలు కోర్టుల దాకా పోతున్నాయి.

కోర్టు అన్నాను కాబట్టి చట్టం సంగతి త్వరగా చెప్పేస్తాను. సంఘ వ్యతిరేక ప్రవర్తన మీద వచ్చిన 2014 చట్టం ఇంజంక్షన్ (ఫలానా పని చేయొద్దనే కోర్టు ఆదేశం) తెచ్చుకునే వీలు ఇచ్చింది. తీవ్రమైన కేసుల్లో తప్పనిసరిగా ఖాళీ చేయించే దారి కూడా పెట్టింది. ఇంకోవైపు వైకల్యం ఉన్నవాళ్లని వివక్ష నుంచి కాపాడే 2010 ఈక్వాలిటీ చట్టం ఉంది. ప్రవర్తనకి కారణం వైకల్యమే అయితే, ఖాళీ చేయించడం తప్ప వేరే మార్గం లేదని ఇల్లు అద్దెకిచ్చిన యజమానే నిరూపించుకోవాలని 2015లో సుప్రీంకోర్టు ఒక కేసులో స్పష్టం చేసింది. ఆదేశాన్ని అర్థం చేసుకోలేని మనిషి మీద ఇంజంక్షన్ ఇవ్వడమూ కుదరదు. అన్నీ దాటి ఖాళీ చేయించారే అనుకుందాం. అప్పుడు పై ఫ్లాట్ ఆవిడని కౌన్సిల్ "కావాలనే ఇల్లు పోగొట్టుకున్న మనిషి" అని తేల్చి, మళ్లీ ఇల్లు చూపించే బాధ్యత నుంచి తప్పుకోవచ్చు. డెబ్బై ఏళ్లు దాటిన మనిషి ఎక్కడికి పోతారు?

ఇప్పుడు నన్ను ఎక్కువగా కలవరపెట్టే కేసు చెబుతాను. బ్రిస్టల్‌లో బిజన్ ఇబ్రహీమి అనే ఇరాన్ శరణార్థి కౌన్సిల్ ఫ్లాట్‌లో ఉండేవాడు. వైకల్యం ఉన్న మనిషి, మొక్కలంటే ప్రాణం. ఏళ్ల తరబడి పొరుగువాళ్లు వేధిస్తున్నారని పోలీసులకి, కౌన్సిల్‌కి మొరపెట్టుకున్నాడు. తన చుట్టూ జరిగే ఆగడాలని సాక్ష్యం కోసం ఫోటో తీస్తే, పిల్లల మీద చెడు కన్ను వేశాడని నింద పడింది. 2013 జులైలో పోలీసులు వచ్చి అతన్నే అరెస్టు చేశారు. తప్పేమీ లేదని వదిలేశాక మళ్లీ మళ్లీ సాయం అడిగాడు. ఎవరూ రాలేదు. జులై 14న ఒక పొరుగువాడు అతన్ని కొట్టి చంపి, ఒంటికి నిప్పు పెట్టాడు. 2017లో వచ్చిన సమీక్ష పోలీసుల్లోనూ, బ్రిస్టల్ కౌన్సిల్‌లోనూ వ్యవస్థాగత జాతివివక్ష ఉందని తేల్చింది. ఏళ్లపాటు వాళ్ల లెక్కలో అతను పదే పదే ఫిర్యాదు చేసి విసిగించే మనిషి. బలహీనుడు ఎవరో, న్యూసెన్స్ ఎవరో వాళ్లు తారుమారు చేసుకున్నారు.

ఈ కేసు ఎందుకు చెప్పానంటే, ఎవరివైపు ఎక్కువ ఫిర్యాదులుంటే వాళ్లదే న్యాయం అనుకుంటే ఏమవుతుందో అది చూపిస్తుంది. అలాగని పై ఫ్లాట్ మనిషికి జబ్బుందని చెప్పి కింది ఫ్లాట్‌వాళ్లని ఓర్చుకోమనడం కూడా నాకు ఒప్పు కాదు. కౌన్సిల్‌కి ఇద్దరితోనూ ఒప్పందం ఉంది (ఇలాంటి ఫ్లాట్ కొన్నవాళ్లది కౌన్సిల్ దగ్గర దీర్ఘకాల లీజే), ఇద్దరి దగ్గరా డబ్బు తీసుకుంటోంది. జాలి పేరుతో చేతులు కట్టుకు కూర్చుంటే పైన ఉన్నావిడకి వైద్యం అందదు, కింద ఉన్నవాళ్లకి నిద్ర ఉండదు.

అందుకని, రాసిన ఆవిడకి నేను చెప్పేది ఇది. డైరీ షీట్లు ఆపకండి, కానీ వాటికి ఒక ఉత్తరం జతచేయండి. పైన ఉన్నావిడ ఆరోగ్య పరిస్థితి చూశారా, నేల మీద కార్పెట్ ఉందో లేదో తనిఖీ చేశారా అని అడగండి. ఆవిడ క్షేమం గురించి భయంగా ఉందని కౌన్సిల్‌లో ఆసరా అవసరమైన పెద్దవాళ్ల బాగోగులు చూసే అడల్ట్ సోషల్ కేర్ విభాగానికి మీరే నేరుగా ఫోన్ చేసి చెప్పొచ్చు, దానికి బంధువే కానక్కర్లేదు. ఆరు నెలల్లో మూడుసార్లు ఫిర్యాదు చేసినా పని జరగకపోతే, 2014 చట్టం కింద కేస్ రివ్యూ కోరే హక్కు మీకుంటుంది. మీ కౌన్సిల్ పెట్టిన నిబంధన ఒకసారి చూసుకోండి. అప్పుడు పోలీసులు, కౌన్సిల్, ఆరోగ్య విభాగం కలిసి ఫైలు చూడాలి. కౌన్సిల్ తీరు మీదే ఫిర్యాదు చేస్తే మొదటి దశ జవాబుకి 10 పనిదినాలు, రెండో దశకి 20 పనిదినాలు గడువు. అక్కడా సరిపడకపోతే హౌసింగ్ అంబుడ్స్‌మన్ దగ్గరకి వెళ్లొచ్చు. కౌన్సిల్ దగ్గర లీజు మీద ఫ్లాట్ ఉన్నవాళ్లకీ ఆ దారి తెరిచే ఉంటుంది.

వాళ్ల జవాబు వచ్చాక నాకు పంపండి. రెండో దశలో ఏం రాయాలో అది చూసి, వివరాలు బయటపెట్టకుండా, తర్వాతి వీడియోలో చెబుతాను.