గోనెసంచి మీద గురి

శ్రోతలందరికీ నమస్కారం. దాళ్వా, అంటే రెండో పంట వరి కోతలు అయిపోయి, కాలవలు కట్టేసి, చేలు ఎండి గట్టిపడే రోజులివి. అమలాపురం నుంచి భీమవరం దాకా ఏ ఊరి పక్క చూసినా వరి మోళ్ళు చెక్కేసి పిచ్ వేసుకున్న కుర్రాళ్ళు కనిపిస్తారు. సాయంత్రం ఎండ తగ్గితే చాలు, పది పదిహేను మంది పోగవుతారు, ఎవరిని కదిపినా బ్యాటింగ్ కోసమే వచ్చానంటాడు. బౌలింగ్ మాత్రం వంతు వచ్చింది కాబట్టి వేస్తారు, బ్యాటు చేతికొచ్చేదాకా వేస్తారు, అంతే. అది ఆట, కాదనను, కానీ సాధన కాదండి. బౌలింగ్ బాగుపడాలంటే ఎదురుగా బ్యాట్స్‌మన్ లేకుండా వేసే బంతులు రోజూ కొన్ని ఉండాలి. ఈ పూట నేను చెప్పాలనుకున్నది ఇదే.

ఎందుకంటారా, బ్యాటు పట్టుకుని ఒకడు నిలబడితే మన కళ్ళు వాడి మీదే ఉంటాయి. వాడు ఫోర్ కొడితే మంచి బంతి కూడా చెత్త బంతి అనిపిస్తుంది, నేలకి తగలకుండా వచ్చే ఫుల్ టాస్‌ని గాల్లోకి లేపి అవుటైతే అదే గొప్ప బంతి అనిపిస్తుంది. బంతి నిజంగా ఎక్కడ పడిందో ఎవరికీ పట్టదు. బౌలర్‌కి కావలసింది ఆ ఒక్క సమాచారమే.

ముందు ఒక తాడు సంపాదించండి, కోనసీమలో కొబ్బరి తాడుకి కొరతేముంది. 66 అడుగులు కొలిచి రెండు కొసల్లోనూ ముడి వేయండి. వికెట్‌కీ వికెట్‌కీ మధ్య దూరం 22 గజాలు, అంటే 66 అడుగులు. ఈ కొలత మన పెద్దవాళ్ళకి కొత్తదేం కాదు, భూమి సర్వేకి వాడిన గంటర్ గొలుసు పొడవు కూడా సరిగ్గా 66 అడుగులే, నాలుగు పక్కలా ఒక్కో గొలుసు కొలిస్తే వచ్చే చదరం 10 సెంట్లు. పొలం లెక్కలు తెలిసిన తాతగారు ఎవరైనా ఉంటే కూర్చోబెట్టుకుని కొలిపించుకోండి, సరదాగా చేస్తారు. ఇక బ్యాటింగ్ వైపు కొస నుంచి 4 అడుగుల దగ్గర ఒక ముడి, అది క్రీజు గీత. 20 అడుగుల దగ్గర ఒకటి, 26 అడుగుల దగ్గర ఇంకొకటి. ఫాస్ట్ బౌలర్‌కి గుడ్ లెంగ్త్, అంటే బంతి పడాల్సిన మంచి చోటు, దాదాపు ఆ రెండింటి మధ్యే ఉంటుంది. స్పిన్నర్‌కైతే వికెట్లకి ఇంకా దగ్గరగా, 10 నుంచి 15 అడుగుల మధ్య చూసుకోవాలి. చేలో పిచ్ మెత్తగా ఉండి బంతి నెమ్మదిగా వస్తుంటే ఇంకో అడుగో రెండడుగులో బ్యాట్స్‌మన్ వైపు జరపండి.

ఇప్పుడు ధాన్యం గోనెసంచి ఒకటి మడతపెట్టి ఆ రెండు ముడుల మధ్య, ఆఫ్ స్టంప్‌కి (కుడిచేతి బ్యాట్స్‌మన్‌కైతే బౌలర్‌కి ఎడమ పక్క కనిపించే స్టంప్‌కి) ఎదురుగా పరవండి. మేకులు కొట్టకండి, కాలికి గుచ్చుకుంటాయి, మూలల మీద నాలుగు మట్టిగడ్డలు పెడితే చాలు. వెనకాల ఒక్క స్టంపే పాతండి. ఆరు బంతులు వేయండి. సంచి మీద పడితే రెండు మార్కులు, జానెడు దూరంలో పడితే ఒకటి, మిగతావాటికి సున్నా. తేదీ వేసి నోట్‌బుక్‌లో రాయండి, మనసులో లెక్క పెట్టుకుంటే మనకి మనమే మార్కులు కలిపేసుకుంటాం. ఓవర్ ఓవర్‌కీ విడిగా రాస్తే ఇంకో మేలుంది. మొదట్లో బాగా పడి చివర్లో బంతులు వరసగా సంచికి ఇవతలే పడుతున్నాయనుకోండి, ఒళ్ళు అలిసింది, ఆ రోజుకి ఆపేయాలి. బంతులు అస్తమానూ లెగ్ సైడుకి, అంటే బ్యాట్స్‌మన్ కాళ్ళ వైపుకి పోతున్నాయనుకోండి, బంతి వదిలేటప్పుడు తల పక్కకి వాలిపోతోందేమో చూసుకోవాలి. పక్కనున్నవాడి ఫోన్‌లో వీడియో తీయిస్తే ఒక్క నిమిషంలో తెలిసిపోతుంది. తల వాలుతుంటే రనప్ (బంతి వేసే ముందు పరుగు) మానేసి కొన్నాళ్ళు ఒకే ఒక్క అడుగు వేసి బంతి వేయండి. ఎడమ చెయ్యి పైకెత్తి, ఆ చేతి మీదుగా స్టంప్‌ని చూస్తూ, బంతి వదిలాక కూడా కళ్ళు అక్కడే ఉంచాలి. ఎడమచేతి బౌలర్లు దీన్ని తిరగేసుకోండి.

సంచి మీద కాస్త గురి కుదిరాక ప్రతి బంతికీ ముందు నోటితో పైకి చెప్పాలి: "ఇది యార్కర్", "ఇది స్లో బాల్". యార్కర్ అంటే నేరుగా బ్యాట్స్‌మన్ పాదాల దగ్గర పడే బంతి. చెప్పిన బంతి పడితేనే మార్కు. స్టంప్ ఎగిరినా సరే, చెప్పింది వేరే అయితే సున్నాయే.

రనప్ సంగతి. మన కుర్రాళ్ళలో ఎక్కువమంది ఒక్కో రోజు ఒక్కో చోటు నుంచి పరిగెత్తుకొస్తారు, గీత దాటి నో బాల్ పడితే "ఒక్కటే కదా" అంటారు. 2017లో చాంపియన్స్ ట్రోఫీ ఫైనల్లో ఫఖర్ జమాన్ 3 పరుగుల మీద ఉండగా మన ఫాస్ట్ బౌలర్ బుమ్రా బంతికి వెనకాల క్యాచ్ ఇచ్చాడు, అది నో బాల్ కావడంతో అవుట్ కాలేదు. ఆ తర్వాత అతను 114 కొట్టాడు, పాకిస్తాన్ 338 చేసి 180 పరుగుల తేడాతో గెలిచింది. కాబట్టి రనప్ కొలుచుకోండి. క్రీజు దగ్గర నిలబడి, వికెట్లకి వీపు పెట్టి, అవతలి వైపు ఖాళీ చేలోకి హాయిగా పరిగెత్తి బంతి వేసేయండి. గీత గురించి ఆలోచించొద్దు. ముందు కాలు ఎక్కడ పడిందో స్నేహితుడు గుర్తు పెడతాడు. నాలుగైదుసార్లు చేస్తే గుర్తులన్నీ ఇంచుమించు ఒక్కచోటికి వస్తాయి, అదే మీ సహజమైన రనప్. పాదాలతో కొలిచి ఆ లెక్క గుర్తుపెట్టుకోండి, ఏ ఊరు వెళ్ళినా అంతే కొలిచి గుర్తు పెట్టుకోవాలి. సాధనలో కూడా గీత గీసే ఉండాలి, అక్కడ దాటడం అలవాటైతే మ్యాచ్‌లోనూ దాటుతారు.

యార్కర్‌కి సంచి తీసేసి, బ్యాట్స్‌మన్ పాదాలుండే చోట పాత చెప్పుల జత పెట్టండి. శ్రీలంక ఫాస్ట్ బౌలర్ మలింగ ఇలా బూట్ల జత పెట్టుకునే సాధన చేసేవాడు, 2007 ప్రపంచ కప్‌లో దక్షిణాఫ్రికా మీద వరసగా నాలుగు బంతులకి నాలుగు వికెట్లు తీశాడు. ఇక ఇందాకటి బుమ్రానే తీసుకోండి, చిన్నప్పుడు మధ్యాహ్నం అమ్మ పడుకుంటే చప్పుడు కాకూడదని గోడా నేలా కలిసే మూలకి బంతి వేసేవాడట, అక్కడ తగిలితే చప్పుడు రాదు. వానాకాలం చేలు మునిగి ఉన్నప్పుడు మనకీ ఆ మూల పనికొస్తుంది, కాకపోతే మెత్తటి బంతి వాడండి.

స్పిన్నర్లు నా మాట విని బంతి సగానికి స్కెచ్ పెన్‌తో రంగు వేయండి. సీమ్ (బంతి కుట్టు) నిలకడగా తిరుగుతోందో, బంతి తూలుతోందో గాల్లోనే కనిపిస్తుంది. ఆఫ్ స్పిన్‌కి మణికట్టూ వేళ్ళూ తాళంచెవి కుడివైపు తిప్పినట్టు తిరగాలి, టీవీ చూస్తూ కూర్చుని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి వేసుకున్నా అలవాటవుతుంది. భయం లేకుండా ఫ్లైట్ ఇవ్వడం, అంటే బంతిని గాల్లో ఎత్తుగా వేయడం రావాలంటే రెండు గెడలు పాతి బ్యాట్స్‌మన్ తల కంటే ఎత్తులో, పిచ్‌కి మధ్యలో తాడు కట్టి, దాని మీంచి వేసి సంచి మీద పడేయండి. సంక్రాంతికి రాత్రి లైట్ల కింద టోర్నమెంట్లు ఆడేవాళ్ళు మంచు పడితే బంతి జారిపోతోందని గోల పెడతారు. దానికి మందు ఒకటే, పక్కన బకెట్‌లో నీళ్ళు పెట్టుకుని, బంతి ముంచి, తుడుచుకుని వేయడం ముందే అలవాటు చేసుకోవాలి.

టెన్నిస్ బంతి నుంచి లెదర్ బంతికి మారేవాళ్ళు తొందరపడకండి. మామూలు టెన్నిస్ బంతి 60 గ్రాములు కూడా ఉండదు, మగవాళ్ళ క్రికెట్‌లో లెదర్ బంతి 156 నుంచి 163 గ్రాములు, దగ్గర దగ్గర మూడు రెట్లు. ఒక్కసారిగా మారితే భుజం పట్టేస్తుంది. ఆడవాళ్ళ బంతి కాస్త తేలిక, 140 నుంచి 151 గ్రాములు. ఆడపిల్లల తల్లిదండ్రులకి కూడా చెబుతున్నాను, 2025లో ప్రపంచ కప్ గెలిచిన మన మహిళల జట్టులో ఎడమచేతి స్పిన్ వేసిన శ్రీచరణి కడప జిల్లా అమ్మాయే. మన చేలల్లో పిచ్‌లు అబ్బాయిలకి మాత్రమే వేసినవి కావు.

అన్నిటికంటే గట్టిగా చెప్పేది నడుం గురించి. ఫాస్ట్ బౌలింగ్‌లో ముందు కాలు నేలకి తగిలినప్పుడు ఒంటి బరువుకి ఎన్నో రెట్ల బలం ఆ కాలి మీంచి నడుంలోకి ఎక్కుతుంది. ఎదిగే వయసులో, పదమూడు నుంచి ఇరవై లోపు పిల్లలకి, రోజూ ఆపకుండా వేస్తే వెన్నుపూసలో సన్నటి పగుళ్ళు వస్తాయి, దాన్నే స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటారు. నడుం కింద ఒక పక్కే నొప్పి, వెనక్కి వంగితే ఎక్కువవుతోందంటే నొప్పి మాత్ర వేసుకుని మళ్ళీ బంతి పట్టొద్దు, ఎముకల డాక్టర్‌కి చూపించండి. మ్యాచ్ ఉన్న వారంలో సాధన తగ్గించాలి, వరసగా మూడో రోజు ఫుల్ స్పీడ్‌తో వేయకూడదు. ఆ రోజు ఒక్క అడుగు సాధనో, మణికట్టు పనో చేసుకోవచ్చు. వేసే ముందు గట్టు మీద మెల్లగా రెండు రౌండ్లు పరిగెత్తి, భుజాలు తిప్పి, మొదటి ఓవర్ సగం వేగంతోనే వేయాలి.

చివరిగా ఊరి జట్ల కెప్టెన్లకి ఒక విన్నపం. ఆట మొదలుపెట్టే ముందు అరగంట పిచ్ బౌలర్లకి వదిలేయండి. ఆ అరగంట బ్యాట్స్‌మెన్ వికెట్ల వెనకాల నిలబడి బంతులు అందించాలి, ఒకడు సంచి పక్కన కూర్చుని మార్కులు రాయాలి. బ్యాటు తెచ్చినవాడికి కూడా ఇందులో మినహాయింపు ఇవ్వకండి. ఉంటానండి, నమస్కారం.