ఒక్క సూటు, ఇద్దరు కుర్రాళ్ళు

శ్రోతలకు నమస్కారం.

తెల్లచొక్కా, టై, జేబు మీద నల్ల బ్యాడ్జీ. పట్టుమని ఇరవై ఏళ్ళు లేని కుర్రాళ్ళిద్దరు, ఎప్పుడూ ఇద్దరే, పక్కపక్కన నడిచి వెళ్తుంటారు. హైదరాబాదులోనో, రాజమండ్రిలోనో, విశాఖపట్నంలోనో మీరూ చూసే ఉంటారు. వాళ్ళని జనం మోర్మన్ మిషనరీలంటారు. ఆ సంఘం మాత్రం తన పేరు యేసుక్రీస్తు కడవరి దిన పరిశుద్ధుల సంఘం అని చెప్పుకుంటుంది. 1830లో అమెరికాలో జోసెఫ్ స్మిత్ మొదలుపెట్టాడు. ఇప్పుడు ప్రపంచం మొత్తం మీద 70 వేల మందికి పైగా మిషనరీలున్నారు. నేను ఆ సంఘం మనిషిని కాను, వాళ్ళ మతం మంచిచెడ్డల జోలికి నేను వెళ్ళను. అమ్మానాన్నలకు దూరంగా, భాష రాని ఊళ్ళో ఆ వయసు పిల్లలు రోజెలా గడుపుతారు, వాళ్ళని ఎవరు చూసుకుంటారు, ఇదే ఈ పూట నా విషయం.

ఎక్కడికి వెళ్ళాలో వాళ్ళు ఎంచుకోరు. దరఖాస్తు పెట్టుకుంటే యూటా రాష్ట్రం సాల్ట్ లేక్ సిటీలో ఉన్న ప్రధాన కార్యాలయం నిర్ణయిస్తుంది. జపాన్ అంటే జపాన్, బ్రెజిల్ అంటే బ్రెజిల్. అబ్బాయిలకు రెండేళ్ళు, అమ్మాయిలకు ఏడాదిన్నర. జీతం లేదు. పైగా ఖర్చులకు వాళ్ళూ ఇంట్లోవాళ్ళూ కూడబెట్టుకోవాలి.

మామూలుగా పొద్దున ఆరున్నరకు లేవాలి. కాసేపు వ్యాయామం, స్నానం, టిఫిన్, ఆ తర్వాత చదువు. లేఖనాలు చదవాలి, పరాయి దేశమైతే అక్కడి భాషా చదవాలి. తర్వాత బయటికి. ఎండయినా, వానయినా, మంచయినా బయటికే. రాత్రి తొమ్మిది దాటాక గది చేరి, పదిన్నరకు లైటు ఆర్పాలి. సినిమాలు లేవు, టీవీ లేదు, ప్రేమలు లేవు. బ్యాడ్జీ మీద కూడా ఇంటిపేరే ఉంటుంది. ఇంట్లో ముద్దుగా పిలిచే పేరుతో ఆ రెండేళ్ళూ పిలిచేవాళ్ళుండరు.

వారంలో ఒక్క రోజు, ఎక్కువచోట్ల సోమవారం, వాళ్ళ సొంత పనులకు. మా వీధిలో ఒక మేడ మీది వాటాలో కొన్నాళ్ళు ఇద్దరు అబ్బాయిలుండేవాళ్ళు. సోమవారం పొద్దున్నే డాబా మీద బకెట్లు, బట్టల సబ్బు, బ్రష్షు. ముందు చొక్కాల బ్యాడ్జీలు తీసి పిట్టగోడ మీద వరసగా పెట్టేవాళ్ళు. ఆ తర్వాత కాలర్లు. వేసవిలో రోజంతా నడిచిన మనిషి చొక్కా కాలరు ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఒకబ్బాయి కాలరు పిడికిట్లో బిగించి పట్టుకుని, బ్రష్షుతో రుద్ది, వెలుతురుకి ఎత్తి చూసి, మళ్ళీ రుద్దేవాడు. మధ్యాహ్నానికి దండెం నిండా తెల్లచొక్కాలు. సాయంత్రం ఇంటికి ఫోను.

ఈ ఫోను సంగతి చెప్పాలి. 2019 ఫిబ్రవరి దాకా వాళ్ళు ఇంటికి ఫోను చేసుకోవడానికి ఏడాదికి రెండే రోజులు. క్రిస్మస్‌కి ఒకసారి, మదర్స్ డేకి ఒకసారి. మిగతా రోజుల్లో ఉత్తరాలు, తర్వాతి కాలంలో ఈమెయిళ్ళు, అంతే. ఇప్పుడు వారం వారం మాట్లాడుకోవచ్చు. నన్నడిగితే ఆ పాత నియమం తల్లుల మీద చాలా బరువు పెట్టింది. మార్చడం చాలా మంచి పని.

ఇక ఆ ఇద్దరి సంగతి. ఎప్పుడూ ఇద్దరే అన్నాను కదా. ఒంటరిగా ఎక్కడికీ వెళ్ళకూడదు. పొయ్యి దగ్గర ఇద్దరు, బజార్లో ఇద్దరు, బస్సులో ఇద్దరు. జతగాణ్ణి కూడా వాళ్ళు ఎంచుకోరు. కొన్ని వారాలకో, కొన్ని నెలలకో జత మారుతుంది, ఒక్కోసారి ఊరూ మారుతుంది. ఒకడికి గురక, ఇంకొకడికి కోపం. అలిగి పోదామంటే పోవడానికి వేరే చోటు లేదు. అందుకని వారానికోసారి ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని, నీలో నాకు నచ్చింది ఇది, మన మధ్య ఇబ్బంది ఇక్కడ వస్తోంది అని మాట్లాడుకోవాలి. అది వాళ్ళకు నియమం. పద్దెనిమిదేళ్ళ వయసులో ఈ అలవాటు పడితే జీవితాంతం పనికొస్తుందని నేను నిజంగా నమ్ముతాను.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన కథ ఒకటి చెబుతాను. సమయం తక్కువైనా ఇది మాత్రం తొందరపడి చెప్పలేను.

జోసెఫ్ ఎఫ్. స్మిత్ అని ఒక కుర్రాడు. సంఘం పెట్టిన జోసెఫ్ స్మిత్‌కి అన్న కొడుకు. 1844లో తండ్రినీ, బాబాయినీ జైల్లో ఉండగానే అల్లరిమూక కాల్చి చంపింది. అప్పటికి పిల్లవాడికి అయిదేళ్ళు. పదమూడో ఏట తల్లి పోయింది. బళ్ళో పంతులు తన చెల్లెలి మీదికి తోలు పట్టీ ఎత్తితే వీడు అడ్డుపడి ఆయన్నే కొట్టాడు, దాంతో చదువు ఆగిపోయింది. ఆ తర్వాత, 1854లో, హవాయి దీవులకు మిషనరీగా వెళ్ళమని పిలుపొచ్చింది. అప్పటికి అతని వయసు పదిహేనేళ్ళు. పదిహేనే!

కాలిఫోర్నియా దాకా వెళ్ళి, అక్కడ ఇళ్ళ కప్పులకు వేసే చెక్కపెంకులు చేసే పనిలో చేరి, ఓడ ఖర్చుకి డబ్బు సంపాదించుకున్నాడు. సెప్టెంబరు చివర్లో హొనొలులులో దిగాడు. అక్కణ్ణుంచి మావీ దీవికి పంపారు. భాష రాదు, తెలిసినవాళ్ళు లేరు, వెళ్ళీ వెళ్ళగానే జ్వరం పట్టుకుంది. అప్పుడు మనుహీయి అనే హవాయి ఆవిడ అతన్ని తన ఇంట్లో పెట్టుకుని చూసుకుంది. అక్కడ రోజూ తినేది 'పోయి' అనే వంటకం. మన చామదుంపల్లాంటివి ఉడికించి, దంచి, మెత్తటి ముద్దగా చేసి వేళ్ళతో తింటారు. రొట్టె తిని పెరిగిన పిల్లవాడు ఆ ముద్దకు అలవాటు పడ్డాడు, ఆ ఇళ్ళల్లో మాటలు విని భాషా పట్టుకున్నాడు. మూడు నాలుగు నెలలు తిరిగేసరికి హవాయి భాషలో ప్రసంగాలు చేస్తున్నాడు.

తర్వాత ఒకసారి వేరే చోటికి వెళ్ళి వచ్చేసరికి సామాను పెట్టిన ఇల్లు కాలిపోయి ఉంది. బట్టలన్నీ బూడిద. అతనికీ, అతని జతగాడికీ కలిపి కొన్నాళ్ళు ఒక్కటే సూటు మిగిలింది. మీటింగు ఉన్న రోజు ఒకడు ఆ సూటు తొడుక్కుని వెళ్ళేవాడు, వాడు తిరిగొచ్చేదాకా రెండోవాడు దుప్పటి కప్పుకుని మంచం మీదే ఉండేవాడు. ఆ తర్వాత రెండోవాడి వంతు. ఒక్క సూటు, ఇద్దరు కుర్రాళ్ళు. డాబా మీద ఆరేసిన తెల్లచొక్కాలు చూసినప్పుడల్లా నాకు ఈ సంగతే తలపుకొచ్చేది.

మూడేళ్ళు దాటాక ఆ కుర్రాడు ఇంటికి తిరిగి వెళ్ళాడు. పెద్దవాడయ్యాడు, 1901లో సంఘానికే అధ్యక్షుడయ్యాడు. అధ్యక్షుడి హోదాలో ఒకసారి హొనొలులు వెళ్తే రేవు దగ్గర జనం, బ్యాండు మేళం, పూలదండలు. ఆ హడావుడిలో ఎవరో చెయ్యి పట్టుకుని నడిపిస్తుంటే ఒక ముసలావిడ వచ్చింది. తొంభై ఏళ్ళు ఉంటాయి, కళ్ళు కనపడవు. చేతిలో కాసిని అరటిపళ్ళు. "ఇయోసెపా, ఇయోసెపా" అని పిలుస్తోంది. హవాయి నోట జోసెఫ్ అలా పలుకుతుంది. అధ్యక్షా అనలేదు, అయ్యా అనలేదు, ఇయోసెపా అంది. ఆయన పరుగున వెళ్ళి ఆవిణ్ణి కావలించుకుని, తల నిమురుతూ, అమ్మా అమ్మా అంటూ ఏడ్చేశాడట. వెంట ఉన్న చార్లెస్ నిబ్లీ అనే ఆయన ఇదంతా కళ్ళారా చూసి రాసిపెట్టాడు. చిన్నప్పుడు నేను జబ్బు పడి, చూసే దిక్కు లేకుండా ఉంటే ఈవిడే నన్ను తన ఇంటికి తెచ్చుకుంది, నాకు తల్లయింది అని ఆయన నిబ్లీతో చెప్పాడు.

మన ఊరికీ ఈ కథలో చోటుంది. ఎడ్విన్ ధర్మరాజు అనే హైదరాబాదీ సమోవా దీవుల్లో ఉద్యోగం చేస్తూ ఈ సంఘంలో చేరారు. 1978 డిసెంబరులో భార్య ఎల్సీతో కలిసి కొద్దికాలం మిషనరీగా హైదరాబాదు వచ్చి, ముందు తమ బంధువుల ఇళ్ళకే వెళ్ళారు. సంఘం పవిత్ర గ్రంథమైన బుక్ ఆఫ్ మోర్మన్‌ని తెలుగులోకి తెచ్చే పనిని బాప్టిస్టు పాస్టరైన ఎల్సీ నాన్నగారు చేపట్టారు. భారతదేశంలో ఈ సంఘం మొదటి స్టేక్, అంటే కొన్ని స్థానిక సంఘాలు కలిసిన విభాగం, 2012లో హైదరాబాదులోనే ఏర్పడింది.

ఇక ఒక్క విషయం, ఇంట్లో పనికొచ్చేది. మేడ మీది అబ్బాయిలు వాటాలో దిగిన మొదటి వారం ఇంటావిడ ఆప్యాయంగా రెండు గ్లాసుల టీ పట్టుకెళ్ళింది. వాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని, ఇబ్బందిగా, వద్దు ఆంటీ అన్నారు. మా ఇంటి టీ పనికిరాదా అని ఆవిడకి ఎంత కష్టమేసిందో! అసలు సంగతేమిటంటే వాళ్ళకి టీ, కాఫీ, మద్యం, పొగాకు నిషేధం. 1833 నుంచీ వస్తున్న నియమం అది. తెలిశాక ఆవిడ రోజూ మధ్యాహ్నం ఒక చెంబు మజ్జిగ పైకి పంపేది, వాళ్ళు ఖాళీ చెంబు కడిగి మెట్ల మీద పెట్టేవాళ్ళు.

అందుకని, ఎండలో నడిచి వచ్చిన ఆ ఇద్దరు మీ వాకిట్లో నిలబడితే, వాళ్ళు చెప్పేది వినాలా వద్దా అన్నది మీ ఇష్టం, టీ మాత్రం పెట్టకండి. ఇంట్లో ఆడవాళ్ళొక్కరే ఉంటే అబ్బాయిలు లోపలికి రారు, అదీ నియమమే, తప్పు పట్టుకోకండి. వరండాలో రెండు కుర్చీలు వేయండి. నిమ్మరసమో, మజ్జిగో, రాగిజావో ఇవ్వండి. మజ్జిగయితే అల్లం, కరివేపాకు వేయొచ్చు. దేశం కాని దేశం నుంచి కొత్తగా వచ్చినవాళ్ళయితే పచ్చిమిరపకాయ మానేయండి.

నమస్కారం.